పిల్లలకు ఈత క్లాసు ఎంచుకోవడం ఎలా? ముందు గట్టు మీద కూర్చుని ఒక క్లాసు చూడండి

మా అమ్మాయిని మొదటిసారి ఈతకు చేర్పించినప్పుడు నేను చూసుకున్నవి రెండే. పూల్ శుభ్రంగా మెరుస్తోందా, ఇంటికి దగ్గరేనా అని. రెండూ బాగానే ఉన్నాయి. మూడో రోజు ఊసుపోక ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కూర్చున్నాను. 40 నిమిషాల క్లాసులో మా పిల్ల కోచ్ దగ్గర ఉన్నది నాలుగు నిమిషాలు కూడా లేదు. మిగతా సేపంతా ఇంకో ఎనిమిది మందితో పాటు గట్టు మీద కూర్చుని, వణుకుతూ, తన వంతు కోసం చూడటమే సరిపోయింది.

తర్వాత క్లాసు మార్చాం. మార్చే ముందు ఈసారి ఏం చూడాలో కాస్త చదివి, నాలుగు చోట్ల తిరిగి, అడగాల్సినవి అడిగి తెలుసుకున్నాను. అదంతా చేయాల్సిన వరసలో ఇక్కడ రాస్తున్నాను. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది.

1. ఏం నేర్పించాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి

కోచ్‌ని చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఫ్రీస్టైల్ ఎన్నాళ్లలో వస్తుంది?" అని. నేనూ అదే అడిగాను. చిన్నపిల్లల విషయంలో ఆ ప్రశ్న చాలా తర్వాతిది. నాలుగేళ్ల పిల్లకి ముందు రావాల్సింది ఒకటే: పొరపాటున నీళ్లలో పడితే పైకి తేలి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి, తను పడ్డ గట్టునే పట్టుకోవడం.

అమెరికన్ రెడ్‌క్రాస్ నీళ్లలో కనీసం రావాల్సిన పనులుగా ఐదింటిని చెబుతుంది. తల మునిగేంత లోతులోకి దిగి లేదా దూకి మళ్లీ పైకి రావడం. ఒక నిమిషం పాటు తేలడం, లేదా కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉన్నచోటే తల పైన ఉంచుకోవడం. గుండ్రంగా తిరిగి, బయటపడే దారి ఎటుందో చూసుకోవడం. అటువైపు 25 గజాలు, అంటే సుమారు 23 మీటర్లు ఈదడం. నిచ్చెన లేకుండా పైకి ఎక్కడం. చివరి రెండూ చిన్నపిల్లలకు వెంటనే రావు. అయినా ఈ జాబితాలో ఏ స్టైల్ పేరూ లేదన్నది గమనించండి. చేతులు అందంగా తిప్పడం నేర్చి, వెనక్కి తిరగడం రాని పిల్లల్ని నేను చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలే. పైగా మునిగిపోయే పిల్లలు మనం సినిమాల్లో చూసినట్టు చేతులు ఊపి అరవరు. ఊపిరి ఆడటమే కష్టమైనప్పుడు అరవడానికి గాలి ఉండదు. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందికీ అవుతూ, చేతులు పక్కకు చాచి నీటిని అదుముతూ, చప్పుడు లేకుండా మునిగిపోతారు. ఇదంతా ఒక నిమిషంలోపే అయిపోవచ్చు.

2. వయసు చూసుకోండి, తొందరపడకండి

ఏడాది లోపు పిల్లలతో నీళ్లలో ఆడుకోవడం బాగుంటుంది, అంతవరకే. ఆ వయసు క్లాసులు మునిగిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అంటోంది. పసివాళ్లు నీళ్లలో కాళ్లూ చేతులూ ఆడించినా, గాలి కోసం తల పైకెత్తలేరు. చంటిపిల్లల్ని ముంచి తీసే వీడియోలు చూసి ముచ్చటపడకండి. పదే పదే ముంచితే నీళ్లు ఎక్కువగా మింగి, రక్తంలో సోడియం పడిపోయి, ఫిట్స్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలకు క్లాసుల వల్ల లాభం ఉండొచ్చు. ఈ వయసులో పద్ధతిగా ఈత నేర్చుకున్న పిల్లలకు మునిగిపోయే ప్రమాదం 88 శాతం తక్కువగా ఉందని 2009లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అందులో చూసిన పిల్లల సంఖ్య తక్కువ కాబట్టి ఆ అంకె చాలా అటూ ఇటూ కావచ్చు. ఎవరైనా తమ ప్రచారంలో దాన్ని పెద్ద అక్షరాలతో వేస్తే ఈ మాట గుర్తుంచుకోండి. ఈ వయసులో అమ్మో నాన్నో కూడా నీళ్లలోకి దిగే క్లాసు మంచిది. మీకు ఈత రాకపోయినా ఫరవాలేదు, నడుము లోతు నీళ్లే కదా.

నాలుగేళ్లు నిండాక చాలామంది పిల్లలు కోచ్ చెప్పింది విని, తన వంతు వచ్చేదాకా ఆగి, అనుకరించగలుగుతారు. అసలు క్లాసులకు అదే సరైన సమయం. ఫ్రీస్టైల్ లాంటివి ఐదారేళ్లకు కుదురుతాయి. పక్కింటి పిల్లవాడికి మూడేళ్లకే వచ్చేసిందని టెన్షన్ పడొద్దు.

ఫిట్స్, ఆస్తమా, గుండె సమస్య, చెవిలో ట్యూబు లాంటివి ఉంటే చేర్చే ముందు డాక్టర్‌ని అడిగి, ఆ సంగతి కోచ్‌కి కూడా చెప్పండి. దాచిపెడితే ప్రమాదం మన పిల్లలకే.

3. పూల్ దగ్గరికి వెళ్లి నీళ్లు చూడండి

పిల్లల్ని తీసుకెళ్లకుండా మీరొక్కరే వెళ్లండి. పక్కన పిల్లలుంటే వాళ్ల ఉత్సాహం చూసి మన బుర్ర పనిచేయదు.

మొదట నీటి అడుగు కనిపించాలి. అన్నిటికంటే లోతైన చోట కింద ఉన్న డ్రెయిన్ జాలీ గీతలతో సహా స్పష్టంగా కనిపించకపోతే, అక్కడ మునిగిన పిల్ల కూడా కనిపించదు. ఆ జాలీ విరిగినా, వదులుగా ఉన్నా ఇక మాట్లాడకుండా వచ్చేయండి. డ్రెయిన్ లాగే బలానికి జుట్టో, ఒళ్లో అతుక్కుపోతే పెద్దవాళ్లు కూడా లాగలేరు.

వాసన సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. "క్లోరిన్ వాసన గుప్పుమంటోంది, అంటే బాగా శుభ్రంగా ఉన్నట్టు" అనుకుంటారు. నిజానికి ఆ ఘాటు వాసన క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. కళ్లు మండించేవీ, దగ్గు తెప్పించేవీ అవే. సరిగా చూసుకునే పూల్‌లో వాసన తక్కువగా ఉంటుంది. నీటి పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) ఉండాలి. ఈ అంకెలు రోజూ రాసే పుస్తకమో బోర్డో ఉందా అని అడగండి. అడిగితే విసుక్కోకుండా చూపించేవాళ్లు మిగతా విషయాల్లోనూ శ్రద్ధగా ఉంటారని నా అనుభవం.

నీటి వేడి మర్చిపోకండి. పోటీలు జరిగే పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. వేగంగా ఈదే పెద్దవాళ్లకు అది సరిపోతుంది. సగం సేపు కదలకుండా నిలబడే నాలుగేళ్ల పిల్లకి అది చలే. చిన్నపిల్లల ఒంట్లో వేడి త్వరగా పోతుంది. వాళ్లకు 30 డిగ్రీలు దాటిన నీళ్లు కావాలి, మరీ చిన్నవాళ్లకు 32 దాకా ఉంటే ఇంకా మంచిది. థర్మామీటర్ లేకపోయినా క్లాసులో ఉన్న పిల్లల పెదాలు చూస్తే తెలిసిపోతుంది. చలికి బిగుసుకుపోయిన పిల్లకి తేలడం రాదు. భయపడుతోందని మనం పొరబడతాం.

ఇక లోతు. నేర్చుకునే చోట నీళ్లు పిల్లల ఛాతీ దాటకూడదు. లేదా నిలబడటానికి నీళ్లలో బల్లలాంటిది వేసి ఉండాలి. కోచ్ కాకుండా, వేరే పనేమీ లేని లైఫ్‌గార్డ్ ఒకరు గట్టు మీద ఉండాలి. పొడవాటి కర్ర, తేలే రింగ్ చేతికందే దూరంలో ఉండాలి. క్లాసు లేనప్పుడు పిల్లలు లోపలికి దూరకుండా కంచె, దానంతట అదే మూసుకునే గేటు ఉంటే మరీ మంచిది.

4. ఒక క్లాసు మొదటి నుంచి చివరిదాకా చూడండి

మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. చూడనివ్వం అంటే ఆ చోటు వదిలేయండి. తల్లిదండ్రులు దగ్గరుంటే పిల్లలు మారాం చేస్తారన్నది నిజమే. దానికి అద్దం వెనకనుంచో దూరంగా బెంచీ మీదనుంచో చూడనివ్వచ్చు. అసలు కంటికే కనపడనివ్వకపోవడానికి ఆ కారణం చాలదు.

గట్టు మీద కూర్చుని, మీ పిల్ల వయసే ఉన్న ఒక పిల్లని ఎంచుకుని, కళ్లు ఆమె మీదే పెట్టండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. ఆ పిల్ల నిజంగా ఏదైనా సాధన చేస్తున్నప్పుడే నొక్కండి, ఆగినప్పుడు ఆపండి. 30 నిమిషాల క్లాసులో ఆరుగురు పిల్లలుండి, కోచ్ ఒక్కొక్కరినీ విడిగా తీసుకెళితే మనిషికి వచ్చేది ఐదు నిమిషాలే. అదే ఆరుగురితో, ఒకరిని తేలిస్తూ మిగతావాళ్లను గట్టు పట్టుకుని కాళ్లు కొట్టమనో, బుడగలు ఊదమనో చెప్పి కదిలిస్తూ ఉండే కోచ్ దగ్గర 20 నిమిషాలు కూడా రావచ్చు. అందుకే బ్యాచ్‌లో ఎంతమంది అన్నది ఒక్కటే చూస్తే చాలదు. అయినా నా లెక్క చెబుతాను: నాలుగైదేళ్ల పిల్లలైతే ఒక కోచ్‌కి నలుగురు, మహా అయితే ఆరుగురు. అంతకు మించితే నేను చేర్చను. మూడేళ్ల లోపు అయితే పిల్లకో పెద్ద మనిషి ఉండాల్సిందే.

తర్వాత కోచ్ వీపు ఎటుందో చూడండి. ఒక పిల్లని తీసుకుని ఈదిస్తున్నప్పుడు మిగతా పిల్లలు ఆయన కళ్ల ముందు ఉన్నారా, వెనకపడ్డారా? మంచి కోచ్ వెనక్కి నడుస్తూ, గట్టు మీదివాళ్లను చూస్తూనే చేతిలో ఉన్న పిల్లని లాక్కెళతాడు. దీన్ని ఎవరూ ప్రకటనల్లో రాయరు కానీ, ఒక్క చూపులో పనితనం తెలిసిపోతుంది. గట్టు మీద నిలబడి, ఈల వేస్తూ, పొడి బట్టలతో నేర్పే కోచ్ చిన్నపిల్లలకు పనికిరాడు. ఒడ్డున ఉండి ఎన్నయినా చెప్పొచ్చు.

ఏడ్చే పిల్లతో ఎలా ఉంటారో చూడండి. ప్రతి బ్యాచ్‌లోనూ ఏడ్చే పిల్ల ఒకరైనా ఉంటుంది. కోచ్ ఆమె ఎత్తుకి వంగి మాట్లాడుతున్నాడా, "నీ కాళ్లు మాత్రమే తడుపుకో, చాలు" అని పనిని చిన్నది చేస్తున్నాడా, లేక "ఏం కాదు, ఏం కాదు" అంటూ లోతుకి లాగుతున్నాడా? భయం పోవాలని పిల్లల్ని ఉన్నట్టుండి నీళ్లలోకి విసిరేసే పద్ధతి ఒకటుంది. "మేమంతా అలాగే నేర్చుకున్నాం" అనే పెద్దలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. అలా నేర్చుకున్నవాళ్లే ఆ మాట చెబుతారు. జీవితాంతం నీళ్లంటే భయపడినవాళ్లు ఈ చర్చకే రారు. తల ముంచే ముందు పిల్లకి చెప్పి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టి, ఆమె నోరు మూసుకున్నాకే ముంచాలి.

గాలి బ్యాండ్ల సంగతి కూడా గమనించండి. చేతులకు తొడిగే గాలి బ్యాండ్లు పిల్లని నీళ్లలో నిటారుగా నిలబెడతాయి. ఈతకి కావాల్సింది అడ్డంగా పడుకునే ఒళ్లు. నిటారుగా ఉండటమే అలవాటైన పిల్ల, బ్యాండ్లు లేని రోజు కూడా అలాగే నిలబడాలని చూసి మునుగుతుంది. పైగా తనకి ఈత వచ్చేసిందన్న ధైర్యం ఒకటి. పట్టుకుని వదిలేయగల కిక్‌బోర్డ్ (తేలే పలక), నూడిల్ (తేలే పొడవాటి స్పాంజి కడ్డీ) లాంటివి నయం. క్లాసంతా బ్యాండ్లతోనే గడిచిపోతుంటే, "ఎప్పుడు తీస్తారు?" అని అడగండి. జవాబు స్పష్టంగా ఉండాలి.

చివరగా, క్లాసు అయిపోయాక పిల్లల్ని లెక్కపెట్టి, ఎవరి పెద్దవాళ్లకు వాళ్లను అప్పజెబుతున్నారా, లేక "అయిపోయింది, వెళ్లండి" అని ఇంకో బ్యాచ్‌లో పడిపోతున్నారా? పెద్దవాళ్ల కళ్లు పక్కకు తిరిగే ఆ రెండు నిమిషాలే నాకు అన్నిటికంటే భయం.

5. అడగాల్సినవి అడగండి

మొహమాటం వద్దు. కోచ్‌కి ఈత నేర్పడంలో శిక్షణ ఉందా, ప్రాణరక్షణలోనూ సీపీఆర్‌లోనూ (గుండె, ఊపిరి ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ ఉందా, దాని గడువు ఎప్పటిదాకా? పోటీల్లో పతకాలు గెలిచిన మనిషి కావడం గొప్పే కానీ, నాలుగేళ్ల పిల్లకి నేర్పడం వేరే విద్య. మొదటి పది క్లాసుల్లో ఏమేం నేర్పుతారు? ఇక్కడ "బుడగలు ఊదడం, వెల్లకిలా తేలడం, గట్టుకి తిరిగి రావడం" లాంటి మాటలు వినిపిస్తే నాకు సంతోషం. రోజూ అదే కోచ్ ఉంటారా? చిన్నపిల్లలు మనిషిని నమ్మి నీళ్లలోకి దిగుతారు, వారానికో కొత్త ముఖమైతే ప్రతిసారీ మొదటికే వస్తుంది.

బట్టలు మార్చే గది గురించి కూడా అడగండి. ఎవరు మారుస్తారు, ఒక పెద్ద మనిషి ఒక పిల్లతో తలుపులు మూసుకుని ఉండే పరిస్థితి వస్తుందా, అక్కడ ఫోన్లు వాడనిస్తారా? నా వరకు, ఏడేళ్లు వచ్చేదాకా బట్టలు మార్చడం ఇంటివాళ్ల పనే.

విరేచనాలైతే ఎన్నాళ్లు రాకూడదో కూడా అడిగి చూడండి. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్లలో కూడా వారం పైనే బతుకుతుంది. దానివల్ల విరేచనాలైతే, తగ్గాక కూడా రెండు వారాలు పూల్‌లోకి దిగకూడదు. ఈత డైపర్లు నీళ్ల విరేచనాలను ఆపలేవు. "తగ్గిపోతే రావచ్చులెండి" అని తేలిగ్గా అనేవాళ్లు మిగతా పిల్లలకీ అదే చెప్పి ఉంటారు.

6. విడిగానా, బ్యాచ్‌లోనా? రోజూనా, వారానికోసారా?

విడిగా నేర్పే క్లాసు అన్నివేళలా మంచిదని నేననుకోను. పక్క పిల్ల మొహం నీళ్లలో పెట్టగానే మన పిల్ల కూడా పెడుతుంది. పదిసార్లు చెప్పినా రాని పని అలా చిటికెలో అయిపోవడం చాలాసార్లు చూశాను. బాగా భయపడే పిల్లకీ, ఒకచోట కుదురుగా ఉండలేని పిల్లకీ మొదటి కొన్నాళ్లు విడిగా పెట్టించి, తర్వాత బ్యాచ్‌లో కలపడం బాగా పనిచేస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు రెండు మూడు వారాలు దగ్గర దగ్గరగా, రోజు విడిచి రోజైనా వెళితే భయం త్వరగా పోతుంది. తర్వాత వారానికి రెండుసార్లు చాలు. క్లాసు నిడివి 30 నిమిషాలు దాటక్కర్లేదు. గంట క్లాసు లాభం అనిపిస్తుంది కానీ, ఐదేళ్ల లోపు పిల్లలకి రెండో అరగంట చలికీ అలసటకీ పోతుంది.

7. చేర్చే ముందు ఇంట్లో ఒక వారం

స్నానం చేయించేటప్పుడు తల మీంచి మొహం మీదుగా మగ్గుతో నీళ్లు పోయండి, తుడవకుండా కాసేపు ఆగండి. బకెట్‌లో నోరు పెట్టి బుడగలు ఊదించండి. మీరు పక్కనుండగానే సుమా, పని కాగానే బకెట్ ఖాళీ చేసి బోర్లించండి. మొహం మీద నీళ్లు పడితే ఏడవని పిల్ల క్లాసులో రెండు వారాలు ముందున్నట్టే.

ఈత బట్టలు ముదురు గులాబీ, నారింజ లాంటి కొట్టొచ్చే రంగుల్లో కొనండి. లేత నీలం, తెలుపు నీటి అడుగున కనిపించవు. ఈత కళ్లద్దాలు మొదట్లో వద్దనే నా అభిప్రాయం. పొరపాటున పడినప్పుడు కళ్లద్దాలు ఉండవు, కాబట్టి అవి లేకుండా కళ్లు తెరవడం కూడా కాస్త అలవాటవ్వాలి.

8. ట్రయల్ క్లాసు, ఆ తర్వాత

మొదటి రోజు ఏడిస్తే తిరిగి తీసుకొచ్చేయకండి. మొదటి నాలుగైదు క్లాసులు ఏడుపు మామూలే. అయితే ఏడుపు రోజురోజుకీ తగ్గాలి. మొదట పూల్ గేటు దగ్గర ఏడ్చిన పిల్ల తర్వాత నీళ్లలో దిగేటప్పుడు మాత్రమే ఏడుస్తుంది, ఆ తర్వాత తల ముంచినప్పుడే. అలా కాకుండా ముందు రోజు రాత్రి నుంచే గొడవ మొదలవుతుంటే, స్నానానికి కూడా భయపడుతుంటే, అక్కడ ఏదో తేడా ఉంది. కోచ్‌తో మాట్లాడండి, అవసరమైతే మార్చేయండి. కట్టిన డబ్బులు పోతాయని ఆగకండి.

ఎనిమిది పది క్లాసులు అయ్యాక, ఎన్ని మీటర్లు ఈదింది అని అడక్కుండా, కోచ్‌ని ఒకటి చేసి చూపించమనండి. పిల్ల గట్టు మీదనుంచి నీళ్లలోకి దిగాలి, తల మునగాలి, పైకి వచ్చి, వెనక్కి తిరిగి, అదే గట్టు పట్టుకోవాలి. పక్కనే కోచ్ చేతులు సిద్ధంగా ఉండాలి, అవసరమైతే కాస్త సాయం చేసినా ఫరవాలేదు. అసలు ఇది ఎప్పుడూ చేయించనే లేదని తెలిస్తే, మా మొదటి క్లాసులాంటి చోటే మీరూ ఉన్నారన్నమాట. ఇది కుదిరిన కొన్ని నెలలకు ఒకసారి మామూలు బట్టలతో కూడా చేయించమని అడగండి. తడిసిన బట్టల బరువు ఎంతో పిల్లలకి అప్పుడే తెలుస్తుంది.

పిల్లకి ఎంత వచ్చినా, నీళ్ల దగ్గర మీరు చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉండండి. నీళ్లలో ఉక్కిరిబిక్కిరైన పిల్లకి ఆ తర్వాత కొన్ని గంటల్లో ఆగని దగ్గు, ఎగఊపిరి, మగత లాంటివి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుదిరితే మీరు కూడా సీపీఆర్ నేర్చుకోండి. నీళ్లలో మునిగినవాళ్లకి ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి ఊదడం కూడా కావాలి కాబట్టి, అదీ ఇదీ రెండూ నేర్పే చోటే చేరండి.

మధ్యలో రెండు మూడు నెలలు మానేసి మళ్లీ వెళితే, ఆపిన చోటునుంచి మొదలుపెట్టనివ్వకండి. పిల్ల ఈ మధ్యలో ఎత్తు పెరిగి ఉంటుంది, బరువూ మారి ఉంటుంది, ఇదివరకటిలా తేలకపోవచ్చు. తనకి మాత్రం అన్నీ వచ్చనే గుర్తుంటుంది. మొదటి రోజు ఛాతీ లోతులోనే దింపించి, గట్టుకి తిరిగి రావడం రెండుసార్లు చూశాకే లోతుకి పంపించండి.